అమెరికా ఈశాన్య తీరంలోని న్యూ ఇంగ్లండ్‌లో, ఇంగ్లండ్ నుంచి వలస వచ్చినవాళ్లకూ స్థానిక తెగలకూ నేల దగ్గర పొత్తు ఎందుకు కుదరలేదు?

క్లుప్తంగా చెప్పాలంటే కంచె, పంది. వాంపనోగ్ లాంటి తెగల్లో సాగు ఆడవాళ్లది. మట్టి ఎగదోసి మొక్కజొన్న నాటి, అదే కుదుట్లో చిక్కుడు పెట్టేవారు. తీగ కాండం పట్టుకుని పాకేది, చుట్టూ గుమ్మడి అల్లుకుని కలుపును అణిచేది. కొన్నేళ్లకు సారం తగ్గితే చేను మార్చేవారు. వాడుకున్నంత కాలమే అది వాళ్లది. అడవిలో కింది పొదలు కాల్చేవారు, లేత గడ్డికి జింకలు వచ్చేవి.

1620లో ప్లిమత్‌లో దిగిన ఇంగ్లిషువాళ్లకు మొక్కజొన్న నాటడం, చేపను ఎరువుగా వేయడం నేర్పింది స్థానికుడైన టిస్క్వాంటమే. పంట నేర్చుకున్నారు, పద్ధతి నేర్చుకోలేదు. కంచె వేయని, పశువుల్ని మేపని నేల మీద స్థానికులకు పూర్తి హక్కు లేదన్నది మసాచుసెట్స్ గవర్నర్ జాన్ విన్‌త్రాప్ వాదన. పైగా ఇంగ్లిషువాళ్లు అడవిలోకి వదిలిన పందులు కంచెలేని చేలల్లో పడేవి, గింజలు దాచుకున్న పాతర్లు తవ్వేవి, తీరంలో ఆల్చిప్పల్నీ మిగల్చలేదు.

వాగులకు కట్టలు కట్టే బీవర్ అనే జంతువు తోళ్ల వ్యాపారంలో మాత్రం ఇద్దరి చెయ్యీ ఉంది: వేటాడింది స్థానికులు, కొన్నది వలసదారులు. బీవర్లు పోయాక వాటి కట్టలు తెగి చెరువులు ఎండాయి. అడుగున మేటవేసిన ఒండ్రులో పెరిగిన గడ్డి వలసదారుల పశువులకే మేతైంది.