కరెంటు పోయిన వారంలో నాకు చదువొచ్చింది

"చదవాలని ఉంది, కానీ పుస్తకం ముందు పది నిమిషాలు కూర్చోలేకపోతున్నాను, మోటివేషన్ ఎలా తెచ్చుకోవాలి?" అని అడిగారు.

నాకు మోటివేషన్ దండిగా ఉండేది. అదే నా రోగం. 2014లో విశాఖపట్నం మద్దిలపాలెంలో రూం తీసుకుని బ్యాంకు పరీక్షలకి తయారవుతున్నాను. నాలుగు రంగుల స్కెచ్ పెన్నులతో టైంటేబుల్ గీసి కిటికీ పక్కన అంటించాను. పొద్దున్న 5కి లేవాలని రాసుంది. ఒక్కరోజూ లేవలేదు. రాత్రిళ్లు మాత్రం ఎవరో ర్యాంకరు వీడియో చూసి, రేపట్నుంచి ఇరగదీస్తానని పొంగిపోయి పడుకునేవాణ్ణి.

అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను వచ్చింది. గాలికి కిటికీ రెక్క ఊడిపోయింది. సాయంత్రం చూస్తే టైంటేబుల్ నేల మీద నీళ్లలో తేలుతోంది. ఎరుపూ ఆకుపచ్చా కలిసి కషాయంలా తయారైంది.

మర్నాటి నుంచి కరెంటు లేదు, సిగ్నల్ లేదు, కుళాయిలో నీళ్లు లేవు. వీధంతా పడిపోయిన చెట్లే. చచ్చిన ఫోన్‌ని అలవాటు కొద్దీ జేబులోంచి తీసి, చూసి, మళ్లీ పెట్టుకోవడం. కింద వాటా మామ్మగారు చూసి చూసి, "ఏటి బాబూ అలా కూకున్నావు? ఆ పుస్తకమేదో తియ్యకూడదేటి" అన్నారు.

వేరే పనేం లేక తీశాను. మెట్ల మీద వెలుతురున్నంత సేపూ కాలం-పని లెక్కలు. పుస్తకంలో ఎ అనేవాడు గోడని 10 రోజుల్లో, బి 15 రోజుల్లో కడతారు, ఇద్దరూ కలిస్తే 6 రోజులు. మా సందు చివర మాత్రం ఎనిమిది మంది కరెంటోళ్లు ఒక్క స్తంభం నిలబెట్టడానికి పొద్దంతా కిందా మీదా పడుతున్నారు. ఆ రోజుల్లో చేసినన్ని లెక్కలు అంతకుముందు రెండు నెలల్లో చెయ్యలేదు.

ద్వారకానగర్లో నేను ఫీజు కట్టిన కోచింగ్‌లో మొదటి వారమంతా "నువ్వు సాధించగలవు" అని మైకులో అరుపులే. ఆ వారం శాతాలు చెప్పుంటే బాగుపడేవాణ్ణి. గోడ నిండా ర్యాంకర్ల ఫ్లెక్సీలు, కూర్చోడానికి బెంచీ మాత్రం సరిపోదు.

కరెంటొచ్చింది, పాత బుద్ధీ వచ్చింది. ఆ ఏడు ఉద్యోగం రాలేదు. అప్పుడు ఫోన్ మామ్మగారి చేతిలో పెట్టి, ఒక్క పుస్తకం పట్టుకుని ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీకి పోవడం మొదలెట్టాను. సాయంత్రం దాకా ఇవ్వద్దని చెప్తే, ఆవిడ నిజంగానే ఇచ్చేవారు కాదు. మా అమ్మ ఫోన్ చేస్తే ఆవిడే మాట్లాడేసేవారు. మరుసటేడు ఉద్యోగం వచ్చింది.

క్రమశిక్షణ లోపల్నుంచి రావాలంటారు. నాకు ఇప్పటికీ రాలేదు. ప్రస్తుతం బ్యాంకు ఉద్యోగులు రాసే జేఏఐఐబీ పరీక్షకి చదువుతూ ఫోన్‌ని బియ్యం డబ్బాలో పెడుతున్నాను. నిన్న మా ఆవిడ సోల ముంచేసరికి లోపల్నుంచి రింగైంది. మేనేజరుగారట.