సదరం శాతం, పింఛను, కూర్చుని చేయగల పని: నాకు తెలిసినంతలో

మీ తమ్ముడు రైసు మిల్లులో హమాలీగా పనిచేస్తూ రెండేళ్ల కిందట కాలు విరగ్గొట్టుకున్నారనీ, ఇప్పుడు బస్తా ఎత్తలేకపోతున్నారనీ రాశారు. దివ్యాంగుల పింఛను వస్తుందా, వచ్చాక ఏదైనా పనిలో చేరితే ఆగిపోతుందా అని అడిగారు. మాది గుంటూరు పక్కనున్న పల్లె. 2018లో రోడ్డు ప్రమాదంలో నా కుడి మోకాలు బిగుసుకుపోయేదాకా మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణానికి గుమస్తాగా ఉండేవాణ్ణి. మీది పల్నాడు అన్నారు కాబట్టి నేను పడ్డ తిప్పలు మీకు ఉపయోగపడవచ్చు.

పింఛనుకు సదరం సర్టిఫికెట్‌లో, అంటే ప్రభుత్వ శిబిరంలో వైద్యులు పరీక్షించి ఇచ్చే వైకల్య ధ్రువపత్రంలో, కనీసం 40 శాతం వైకల్యం నమోదై ఉండాలి. ప్రమాదం జరిగిన పది నెలలకు చంకకర్రలతో మొదటిసారి శిబిరానికి వెళ్లినప్పుడు, నా అవస్థ చూస్తేనే అర్థమవుతుందనుకుని చివరగా తీసిన ఎక్స్‌రే ఒక్కటే పట్టుకెళ్లాను. ఎముకల వైద్యుడు నొప్పి గురించి దాదాపు అడగనే లేదు. మోకాలు ఎంత మేరకు వంగుతోంది, తొడ కండరంలో బలమెంత, ఆ కాలిమీద నిలబడగలనా, కాలు ఎంత పొట్టిపడింది అన్నవి చూసి 36 శాతం, అదీ తాత్కాలికం అని రాశారు. అప్పటికి లోపలి రాడ్డు తీయలేదు, ఫిజియోథెరపీ నడుస్తోంది. ఇంకా మెరుగయ్యే అవకాశం ఉన్న కాలికి శాశ్వత సర్టిఫికెట్ ఇవ్వకపోవడం సబబేనని ఆ తరువాత నాకే అర్థమయింది. 2021లో మళ్లీ మా గ్రామ సచివాలయంలో శిబిరానికి స్లాటు (పరీక్ష తేదీ) తీసుకుని, డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్ కాగితాలు, పాత కొత్త ఎక్స్‌రేలు, ఫిజియోథెరపిస్టు రాసిన నెలవారీ వివరాలు తేదీల వరుసలో పెట్టి తీసుకెళ్లాను. ఈసారి 48 శాతం, శాశ్వతం అని వచ్చింది. కాగితాలు పెట్టినంత మాత్రాన శాతం పెరగదు, కానీ కాలు ఇక మెరుగవడం లేదని వైద్యునికి నమ్మకం కలిగించేవి అవే. మీ తమ్ముడికి చికిత్స పూర్తయిందో లేదో ముందు తేల్చుకుని, ఆ తరువాతే స్లాటు తీసుకోండి.

శాతం దాటితే సరిపోతుందనుకోవద్దు. పల్లెల్లో కుటుంబ ఆదాయం నెలకు 10,000, పట్టణాల్లో 12,000 మించకూడదు. మాగాణి మూడెకరాల లోపు ఉండాలి. ఇంట్లో ప్రభుత్వోద్యోగి, ఆదాయపు పన్ను కట్టేవారు, నాలుగు చక్రాల సొంత వాహనం ఉండకూడదు (ట్రాక్టరు, ఆటో, టాక్సీలకు మినహాయింపు ఉంది). నా దరఖాస్తు మొదట ఆగింది వీటిలో వేటివల్లా కాదు, కరెంటు మీటరు వల్ల. మా ఇల్లు, అన్నయ్య వాటా, అద్దెకిచ్చిన గది అన్నీ నా పేరునున్న ఒకే మీటరు మీద నడిచేవి కాబట్టి, ఆరు నెలల సగటు 300 యూనిట్లు దాటింది. వాటాకు వేరే మీటరు పెట్టించి, మళ్లీ ఆరు నెలలు ఆగవలసి వచ్చింది. అందుకే మీ తమ్ముడి ఆధార్‌కు ఏ మీటరు ముడిపడి ఉందో, హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో (ఒకే కుటుంబంగా నమోదైనవారి జాబితాలో) ఆయనతో పాటు ఎవరెవరు ఉన్నారో ఇప్పుడే సచివాలయంలో అడిగి చూడండి.

పింఛను మొదలైనప్పుడు నెలకు 3,000 వచ్చేది; 2024 జూలై నుంచి 6,000 అయింది. పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000.

పని విషయంలో నేను చేసిన పొరపాటు చెబుతాను. కాలు పాడైంది కాబట్టి కంప్యూటరు ముందు చేసే ఏ పనైనా నాకు తగినదే అనుకుని విజయవాడలో ఫోన్లకు జవాబిచ్చే ఉద్యోగంలో చేరాను. రోజూ రెండు బస్సులు మారి, లిఫ్టు లేని రెండో అంతస్తు ఎక్కి, వంగని మోకాలితో ఎనిమిది గంటలు ఇరుకు కుర్చీలో కూర్చోవడం రెండు నెలలకే నావల్ల కాలేదు. ఆ తరువాత మూడు నెలలు ట్యాలీ (కంప్యూటరులో లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) నేర్చుకుని, 2022లో మా ఊరి దగ్గరి కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాసేందుకు 8,500 జీతానికి కుదిరాను. ఎవరి టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎన్ని వచ్చాయి, ఏ ఛాంబరులో ఉన్నాయి, అద్దె ఎంత అయింది అన్నవి నాకు యార్డులో అలవాటైన లెక్కలే. కుర్చీ కాస్త ఎత్తుగా ఉండాలి, కాలు చాపుకునేందుకు బల్ల కింద చోటు కావాలి అని మొదటి రోజే అడిగాను, యజమాని ఒప్పుకున్నారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఇలాంటి సర్దుబాట్ల ప్రస్తావన ఉందని నాకు ఆ తరువాత తెలిసింది గానీ, చిన్న సంస్థలో చట్టం పేరెత్తడం కన్నా ఏం కావాలో సూటిగా చెప్పడమే నాకు పనికొచ్చింది.

మీ తమ్ముడికి కూడా అదే దారి తోస్తోంది. పదేళ్లు మిల్లులో ఉన్న మనిషికి ధాన్యంలో తేమ, తరుగు, లారీ లోడు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. మిల్లుల్లో వేబ్రిడ్జి దగ్గర తూకం చీటీలు రాసేవారు, గేటు రిజిస్టరు చూసేవారు, గోడౌను లెక్క పెట్టేవారు ఉంటారు. పాత మేస్త్రీ ద్వారా అడిగిస్తే, ఊరుపేరు తెలియని ఆఫీసుల చుట్టూ తిరగడం కన్నా త్వరగా తేలుతుంది. పదో తరగతి పాసయ్యారన్నారు కాబట్టి, జిల్లాలో దివ్యాంగుల బ్యాక్‌లాగ్ పోస్టుల (వారికి కేటాయించినా భర్తీ కాక మిగిలిన కొలువుల) ప్రకటన వచ్చినప్పుడు దరఖాస్తు పెట్టించండి. ప్రభుత్వ కొలువుల్లో 4 శాతం రిజర్వేషన్‌కు కూడా ఆ 40 శాతం సర్టిఫికెట్టే ఆధారం.

ఇక ఆగిపోతుందా అన్న ప్రశ్న. పనిలో చేరినంత మాత్రాన ఆగదు, కుటుంబ ఆదాయం పరిమితి దాటితే అర్హత పోతుంది. నా 8,500 జీతం ఆ లోపే ఉంది, ఇంట్లో వేరే సంపాదన లేదు, అందువల్ల రెండూ సాగాయి. 2025లో జీతం 16,000 అయినప్పుడు నేనే సచివాలయానికి వెళ్లి పింఛను వద్దని రాసిచ్చాను. ఆటో ఖర్చు, మందుల ఖర్చు లెక్కించకుండా 10,000 దగ్గర గీత గీయడం నాకు ఇప్పటికీ అన్యాయంగానే కనిపిస్తుంది. అయినా సదరం సర్టిఫికెట్, బస్సు రాయితీ నాకు అలాగే ఉన్నాయి.