ఏ గొంతు పెట్టుకోవాలని అడిగావు కదా

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. నీ వాయిస్ మెసేజ్ విన్నాను. లాప్‌టాప్‌లో తెర మీది అక్షరాలు చదివే గొంతు రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుందనీ, ఎంతైనా సరే పెట్టి మంచి గొంతు కొనుక్కుంటాననీ అన్నావు. అప్పుడే ఏదీ కొనకు. చూపు తగ్గుతున్న కొత్తలో అందరి మనసూ ముందు గొంతు మీదికే పోతుంది. నీకిప్పుడు కావలసింది వేగం. తియ్యదనం సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ముందు ఎన్‌విడిఎ అనే స్క్రీన్ రీడర్ వేసుకో, తెర మీద ఉన్నదంతా చదివి వినిపిస్తుంది. పైసా ఖర్చు లేదు. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే కుర్రాడు 2006లో మొదలుపెట్టాడు, జేమ్స్ టే తోడయ్యాడు. ఇద్దరికీ చూపు లేదు. అప్పటికి జాస్ లాంటి స్క్రీన్ రీడర్ కొనాలంటే మన గుమాస్తా జీతాలు ఏ మూలకీ వచ్చేవి కావు. ఎన్‌విడిఎతో పాటే ఈస్పీక్ అనే గొంతు వస్తుంది. నువ్వు తిట్టుకుంటున్న గొంతు లాంటిదే అదీ. తెలుగు కూడా చదువుతుంది. యాస మాత్రం మన ఊరిది కాదు, ఏ ఊరిదీ కాదు.

అయినా తీసిపారెయ్యకు. అది మనిషి గొంతు రికార్డు చేసి ముక్కలు అతికించింది కాదు. గొంతులో గాలి ఎక్కడ ఎలా మోగుతుందో లెక్కకట్టి, ఆ సూత్రాలతో శబ్దాన్ని అప్పటికప్పుడు పుట్టిస్తుంది. అందుకే ఎంత వేగం పెంచినా అక్షరం అరగదు. నువ్వే పరీక్షించి చూడు. ఫైళ్ళు బోలెడున్న ఫోల్డర్ తెరిచి కింది బాణం గబగబా నొక్కుతూ పో. ఈస్పీక్ మొదటి పేరు సగంలో తుంచేసి రెండోది అందుకుంటుంది, వేలుతో సమానంగా పరిగెడుతుంది. అదే నెట్ మీంచి వచ్చే తియ్యటి గొంతు పెట్టి నొక్కి చూడు. మీట నొక్కాక మాట రావడానికి ఓ క్షణం ఆగుతుంది. కథ వినేటప్పుడు ఆ క్షణం తెలియదు. రోజంతా ఉత్తరాలు టైపు చేసేవాడికి అదే ప్రాణం తీస్తుంది.

వేగం ఒక్కసారిగా పెంచకు. డెస్క్‌టాప్ లేఅవుట్ అనే మీటల అమరికలో అయితే ఎన్‌విడిఎ మీట (మామూలుగా ఇన్సర్ట్), కంట్రోల్ కలిపి పట్టుకుని పక్క బాణాలతో వేగం దగ్గరికి వెళ్ళు, పై బాణంతో కాస్త పెంచు. అది అలవాటయ్యాక ఇంకాస్త. నేను వినే వేగం వింటే మీ అత్తయ్య ఇప్పటికీ పక్క గదిలోకి వెళ్ళిపోతుంది. డబ్బు లెక్కలు, ఖాతా నంబర్ల దగ్గర మాత్రం వేగం మాట మరిచిపో. ఒక్కో బాణం నొక్కుతూ ఒక్కో అంకే విను. బ్యాంకులో పనిచేసినవాణ్ణి చెబుతున్నాను, సున్నా ఒకటి ఎక్కువైనా తక్కువైనా గొంతు క్షమాపణ చెప్పదు.

ఈ గొంతుల పుట్టుపూర్వోత్తరాలు కూడా కాస్త తెలిసుండాలి నీకు. అమెరికాలో ఎం.ఐ.టి.లో డెనిస్ క్లాట్ ఏళ్ళ తరబడి ఈ పనిమీదే ఉన్నాడు. ఆయన పనిని డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1980ల్లో డెక్‌టాక్ అనే మాట్లాడే పెట్టెగా అమ్మకానికి పెట్టింది. అందులోని పెర్ఫెక్ట్ పాల్ అనే గొంతు క్లాట్ సొంత గొంతును బట్టి చేసిందే. మాట పోయిన శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ వాడిన గొంతు కూడా ఆ వంశానిదే. అంతకన్నా సహజమైనవి వచ్చాక కూడా ఆయన దాన్ని వదల్లేదు.

తర్వాత ఎలక్వెన్స్ అనే గొంతు వచ్చింది. ప్రపంచంలో చూపులేని వాళ్ళు ఎంతోమంది దాంతోనే ఉద్యోగాలు చేశారు, చదువులు చదివారు. పుట్టింది ఇథాకాలో, ఒక చిన్న కంపెనీలో. దాన్ని స్పీచ్‌వర్క్స్ కొంది, స్పీచ్‌వర్క్స్‌ని స్కాన్‌సాఫ్ట్ కలుపుకుంది, అదే న్యూయాన్స్‌గా పేరు మార్చుకుంది, 2022లో న్యూయాన్స్ మైక్రోసాఫ్ట్ చేతికొచ్చింది. ఇన్ని చేతులు మారినా దానికి తెలుగు నేర్పినవాడు లేడు. ఆపిల్ అదే ఏడు దాన్ని ఐఫోన్‌లోకి తెస్తే మనవాళ్ళు పండగ చేసుకున్నారు. నాకూ సంతోషమే. కానీ నువ్వు రోజూ ఆనుకునే గొంతు ఇంకొకడి ఆస్తి. వాడికి లాభం లేదనిపించిన రోజు పక్కన పెట్టేస్తాడు. కాబట్టి చెవిని ఒకే గొంతుకి కట్టేయకు. రెంటికి అలవాటు చెయ్యి, అందులో ఒకటి ఎవడూ లాక్కోలేని ఈస్పీక్ లాంటిది ఉండేలా చూసుకో.

పెద్ద కంపెనీలు ఏమీ చెయ్యలేదని అనను. మైక్రోసాఫ్ట్ విండోస్ 2000లో నరేటర్ అనే సొంత స్క్రీన్ రీడర్ పెట్టినప్పుడు అది వేరే స్క్రీన్ రీడర్ వేసుకునేదాకా పనికొచ్చేది, అంతే. ఇప్పుడు బాగానే ఎదిగింది. అసలు మలుపు ఆపిల్‌ది. 2005లో మాక్‌లోనే వాయిస్‌ఓవర్ అనే స్క్రీన్ రీడర్ పెట్టేసింది, 2009లో ఐఫోన్ 3జీఎస్‌లో పెట్టింది. చూపున్నవాడూ లేనివాడూ ఒకే దుకాణంలో, ఒకే ధరకి, ఒకే ఫోన్ కొనుక్కునే రోజు అప్పుడొచ్చింది. ఆండ్రాయిడ్‌లో అలాంటిదే టాక్‌బ్యాక్ వచ్చింది కూడా ఆ ఏడాదే. గూగుల్‌లో ఈ పని మొదలుపెట్టినవాళ్ళలో టి.వి. రామన్ ఒకరు. పుణెలో పుట్టి, ఐఐటి బాంబేలో చదివిన మనిషి, ఆయనకీ చూపు లేదు. మన పల్లెల్లో చూపులేని పిల్లల చేతికి అందింది ఐఫోన్ కాదు, టాక్‌బ్యాక్ ఉన్న చవక ఫోనే.

ఇదంతా దయతో చేశారనుకోకు. అమెరికా 1998లో పునరావాస చట్టంలోని 508 సెక్షన్‌ని బిగించి, కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలు కొనే సరంజామా వికలాంగులూ వాడుకునేలా ఉండాలంది. అంత పెద్ద బేరం ఎవడు వదులుకుంటాడు? మనకీ 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఉంది. ఏదైనా యాప్‌లో బటన్ దగ్గరికి వెళ్తే పేరు చెప్పకుండా ఉత్త 'బటన్' అంటే, వాళ్ళకి మెయిల్ పెట్టు, ఆ చట్టం పేరు రాయి. ఏ స్క్రీన్‌లో, ఏ బటనో వివరంగా చెప్పు. ఊరికే 'పనిచెయ్యట్లేదు' అంటే ఎవరూ పట్టించుకోరు.

ఇక తెలుగు. మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ బ్రౌజర్‌లో పేజీని చదివి వినిపించే రీడ్ అలౌడ్‌కి శ్రుతి, మోహన్ అని రెండు గొంతులున్నాయి, నెట్ ఉండాలి. పత్రికలు, కథలు వాటితో చదివించుకో, హాయిగా ఉంటుంది. ఫోన్‌లో గూగుల్ తెలుగు గొంతు ఎలాగూ ఉంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో, ఐఐటి మద్రాస్ వాళ్ళ బృందంలో మన భాషల గొంతుల మీద మంచి పని జరిగింది. అయినా ఫోన్ తెరవగానే పలికేది కంపెనీ పెట్టిందే కాబట్టి, జనం దానికే అలవాటు పడతారు.

ఇంకో చిక్కుంది. ఇంగ్లీషు మాత్రమే వచ్చిన గొంతు పెట్టుకుంటే, మెసేజ్‌లో తెలుగు వాక్యం రాగానే అది చాలాసార్లు చప్పుడు లేకుండా దాటేస్తుంది. ఖాళీ మెసేజ్ పంపారని నువ్వు అనుకుంటావు. అనుమానమొస్తే తెలుగు గొంతుకి మార్చి మళ్ళీ విను. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో చేసిన పీడీఎఫ్ వచ్చిందనుకో, కంటికి చక్కటి తెలుగు, మన చెవికి అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల ముద్ద. దానికి ఎంత ఖరీదైన గొంతూ పనికిరాదు. పంపినవాళ్ళని యూనికోడ్‌లో, అంటే యంత్రం తెలుగుగానే గుర్తుపట్టే అక్షరాల్లో ఇమ్మను. ఇవ్వకపోతే ఆ పేజీలని బొమ్మలుగా మార్పించి, గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరువు. తప్పులు దొర్లినా విషయం తెలుస్తుంది. ఇ-పేపర్ బొమ్మలకీ ఇదే దారి.

ఆదివారం ఇన్‌స్టాల్ చేస్తావు కదా, ముందు నాకు ఫోన్ చెయ్యి. నీ లాప్‌టాప్‌లో ఇన్సర్ట్ మీట ఎక్కడుందో ఎవరినైనా అడిగి వేలితో గుర్తుపెట్టుకో. లేకపోతే క్యాప్స్ లాక్‌నే ఎన్‌విడిఎ మీటగా పెడదాం. ఇయర్‌ఫోన్ దగ్గర పెట్టుకో, పాస్‌వర్డులు ఊరంతా వినక్కర్లేదు.

నీ
మావయ్య