ఓపెన్‌కాస్ట్ మూతపడ్డాక ఆ భూమిని ఏం చేసుకోవాలి? డంపర్లు ఉండగానే అడగండి

మీ ఊరి పక్క బొగ్గు ఓపెన్‌కాస్ట్, అంటే పైనుంచే తవ్వే గని, రెండు మూడేళ్లలో మూతపడబోతోంది. కుర్రాళ్లు బోటింగ్ పార్కు అంటున్నారు, పెద్దలు సాగుకు భూమి అంటున్నారు, కంపెనీ సోలార్ అంటోంది, గ్రామసభలో దేనికి చెయ్యెత్తాలి అని అడిగారు. గోదావరి లోయ గనుల్లో సర్వే విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది చెప్తాను. ఏం కావాలన్నది తర్వాత. ఏ జాగ కింద ఏముందో ముందు మ్యాపు తెప్పించుకోండి.

బయటినుంచి చూస్తే అంతా ఒకటే గని. నిజానికి నాలుగు రకాల భూమి ఉంటుంది: ఆఫీసు, వర్క్‌షాపు ఉన్న తవ్వని నేల, బయట పోసిన ఓబీ (బొగ్గు పైనుంచి తీసేసిన మట్టీ రాయీ) గుట్టలు, తవ్విన చోటే తిరిగి మట్టి నింపిన జాగ, చివరికి మిగిలే గుంత. అందరూ మోసపోయేది మూడోదానితో. పైన చదును చేసి గడ్డి మొలిచాక మామూలు చెలకలాగే కనబడుతుంది, కానీ లోపల ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది. మేము అక్కడ సిమెంటు దిమ్మెలు పాతి వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి లెవెల్ తీసేవాళ్లం. దిమ్మె దిగడం మామూలే. పక్కపక్క దిమ్మెలు ఒకే లెక్కన దిగవు, అసలు తలనొప్పి అదీ. ఒకచోట అలాంటి నేలమీద కాపలా గది కట్టారు. రెండో వానాకాలానికి గోడకూ గచ్చుకూ మధ్య చెయ్యి దూరేంత సందు పడింది. కాబట్టి బడి, ఇళ్ల స్థలాలు, కమ్యూనిటీ హాలు ఏది అడిగినా తవ్వని నేలలోనే అడగండి. ఆ షెడ్లను, వాటి కరెంటు లైనును కూల్చకుండా అప్పగించమని ఇప్పుడే రాతపూర్వకంగా పెట్టండి. ఐటీఐకో గోదాముకో పనికొస్తాయి.

సాగు విషయంలో పెద్దలను నిరుత్సాహపరచడం నాకిష్టం లేదు గానీ, మన దగ్గర ఓబీ అంటే ఎక్కువగా ఇసుకరాయి పొడి. నీళ్లు నిలవవు, సారం లేదు. మొదట తీసిన పైమట్టిని విడిగా దాచారా, దాన్ని తిరిగి పరిచారా అన్నది అడగాల్సిన మొదటి ప్రశ్న. పరిచి ఉంటే జనుము, జీలుగ, పిల్లిపెసర లాంటివి కొన్నేళ్లు వేసి దున్నాక మేతకు, పండ్ల చెట్లకు ఆశ పెట్టుకోవచ్చు. మరుసటి ఏడే పత్తి వేసుకోవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి.

సోలార్ చెడ్డదేం కాదు. సింగరేణి ఇల్లెందు, మణుగూరు వైపు ప్లాంట్లు పెట్టింది, జైపూర్ థర్మల్ కేంద్రం జలాశయం మీద తేలే ప్యానెళ్లు కూడా ఉన్నాయి. కొత్త గుట్ట మీద మాత్రం తొందరపడకూడదు. ప్యానెళ్ల అంచునుంచి కారే నీళ్లన్నీ ఒకే గీతలో పడి మట్టిని కోసేస్తాయి. గుట్ట చుట్టూ తిరిగే కాలువ (గార్లాండ్ డ్రైన్), అడుగున రాతి గోడ లేకపోతే ఆ మట్టంతా మీ చెరువులోకే వస్తుంది. ఇంకోటి, వాన వెలిశాక గుట్టమీద ఎక్కడైనా ఆవిరి లేస్తూ గంధకం వాసన వస్తే లోపల బొగ్గు ముక్కలు రగులుతున్నట్టే. అది ఆర్పకుండా పైన ఏం కట్టినా దండగ.

ఇక గుంత. కుర్రాళ్లు చెప్పేది గాలి మాట కాదు. ఛత్తీస్‌గఢ్ సూరజ్‌పూర్ జిల్లా కేనాపారాలో పాత బొగ్గు క్వారీ నీళ్లలోనే బోటింగ్, తేలే హోటలు, పంజరాల్లో చేపల పెంపకం పెట్టారు. పంజరాలే ఎందుకంటే, అంత లోతులో వల లాగలేం, పైగా అడుగు నీళ్లలో చేపకు ప్రాణవాయువు అందదు. కానీ ఒడ్డును తేలిగ్గా తీసుకోవద్దు. జర్మనీ నాఖ్టర్‌ష్టెట్‌లో పాత లిగ్నైట్ గనిని చెరువుగా నింపుతుండగా 2009 జూలైలో ఒడ్డు జారింది. అంచున ఉన్న ఇళ్లు నీళ్లలోకి పోయాయి, ముగ్గురు చనిపోయారు. మన గుంతల్లో చివరి బెంచీలు, అంటే మెట్లుగా తవ్విన గోడలు, నిట్టనిలువుగా ఉంటాయి. బర్రెను తోలుకెళ్లి కాలుజారిన పిల్లాడు ఎక్కడ పట్టుకుని పైకొస్తాడు?

ఆ ఒడ్డును వాలు చేయాలంటే షావెళ్లు, డంపర్లు, డోజర్లు కావాలి. గని నడుస్తుండగా అది అక్కడున్న యంత్రాలతోనే అయ్యే పని. యంత్రాలు వేరే ప్రాజెక్టుకు తరలిపోయాక ఏ పంచాయతీ నిధులూ చాలవు. ఊరివైపు ఒక ఒడ్డు వాలు చేయమని, నీళ్లదాకా దిగే హాల్ రోడ్డును (డంపర్లు తిరిగే దారిని) అలాగే ఉంచమని, మిగతా మూడు వైపులా కందకం, కంచె వేయమని ఈ ఏడాదే తీర్మానం చేయండి. పార్కా చేపలా అన్నది రెండేళ్లు ఆలస్యంగా తేల్చుకున్నా నష్టం లేదు.

డబ్బు లేదంటారు. బొగ్గు గని మూసివేత ఖర్చుకు కంపెనీ ఏటా ఎస్క్రో ఖాతాలో (తనంతట తాను తీసుకోలేని విడి బ్యాంకు ఖాతాలో) జమచేయాలని 2009 నుంచే మార్గదర్శకాలు ఉన్నాయి. కేంద్ర బొగ్గు శాఖ అధికారి అయిన కోల్ కంట్రోలర్ అనుమతి లేకుండా ఆ డబ్బు బయటికి రాదు. మైన్ క్లోజర్ ప్లాన్ (గని మూసివేత ప్రణాళిక), అందులోని తుది భూవినియోగ మ్యాపు, పర్యావరణ అనుమతి షరతుల మీద ఆర్నెల్లకోసారి ఇచ్చే నివేదిక ఈ మూడూ ఆర్టీఐ పెట్టి అయినా తీసుకోండి. మ్యాపులో ఏ ముక్క అటవీ భూమో రంగు పెన్నుతో గీసుకోండి. అటవీ భూమి మీద పార్కు, పట్టాలు అంటూ ఎన్ని తీర్మానాలు చేసినా లాభం లేదు, అది తిరిగి అటవీ శాఖకు వెళ్లాల్సిందే. అక్కడ వెదురు, కానుగ, వేప, నెమలినార అడగండి. ఒక్క సుబాబులే వేసి పచ్చగా ఉందని ఫొటోలు దిగితే ఒప్పుకోకండి.

మీ గనిలో మట్టి బయట గుట్టగానే పోశారా, లోపల నింపడం మొదలైందా? అది రాస్తే మిగతాది చెప్తాను.