తాకట్టు ఇంటి వేలం: అప్పీలు ఒకటే చాలదు

చెన్నైలో స్థిరపడదామని వచ్చి, ఇంటి దస్తావేజులు కుదువపెట్టి అప్పు తీసుకున్నామనీ, అప్పిచ్చినవారు వేసిన దావాలో తుది డిక్రీ (కోర్టు ఆఖరి ఉత్తర్వు) వచ్చి ఇంటిని వేలం వేయమని ఉత్తర్వు అయిందనీ, అప్పీలు వేశాం గనుక ఇక భయం లేదు కదా అనీ మీరు రాశారు. భయం ఉంది. అప్పీలు దాఖలైనంత మాత్రాన వేలం ఆగదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 41వ ఆర్డరు 5వ రూలు స్పష్టంగా చెబుతోంది. స్టే కోసం, అంటే వేలాన్ని అప్పటికి ఆపే ఉత్తర్వు కోసం, వేరుగా పిటిషన్ వేయాలి. కొత్తగా వచ్చినవారు ఈ సంగతి ఆలస్యంగా తెలుసుకోవడం నేను చాలామందిలో చూశాను.

నెల్లూరు నుంచి వచ్చిన తొలి సంవత్సరాల్లో నేనూ మీలాగే అనుకున్నాను. అప్పీలుకు నెంబరు పడిందని వకీలు చెప్పగానే నిశ్చింతగా దుకాణం చూసుకుంటూ ఉండిపోయాను. ఒకనాడు కోర్టు అమీనా వచ్చి, వీధిలో దండోరా వేయించి, తలుపు పక్కన తమిళంలో ఉన్న వేలం ప్రకటన అంటించి వెళ్లాడు. నాకు అప్పటికి తమిళం చదవడం రాదు. పక్కింటి పెద్దావిడ చదివి చెబితేనే వేలం తేదీ తెలిసింది. పరుగున వెళ్లి స్టే అడిగితే న్యాయమూర్తి వేసిన మొదటి ప్రశ్న, ఎంత డిపాజిట్ చేయగలరని. జవాబు చెప్పడానికి నా దగ్గర రూపాయి సిద్ధంగా లేదు. నష్టానికి చిట్టీ పాడి, ఇంట్లో ఉన్న బంగారం అమ్మి, ఊళ్లో అన్నయ్య పంపిన డబ్బు కలిపి గడువులోగా కట్టాను. ఇల్లు నిలిచింది, ఈనాటికీ అందులోనే ఉంటున్నాం.

కాబట్టి మీ ఆలోచన డబ్బుతో మొదలు కావాలి. అసలు, నేటివరకు వడ్డీ, ఖర్చులు కలిపి లెక్క రాసుకోండి. స్టే వచ్చినా వడ్డీ నడుస్తూనే ఉంటుంది. డిపాజిట్ షరతుతో స్టే ఇచ్చినప్పుడు గడువు తప్పితే అది రద్దవుతుందని సాధారణంగా ఉత్తర్వులోనే రాస్తారు, అందువల్ల ఆశతో పెద్ద మొత్తానికి ఒప్పుకోకండి. ఊళ్లో పొలం ఉంటే పూచీగా చూపవచ్చు; దానిపై మరే అప్పూ లేదని చూపే ఈసీ (రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే పత్రం) ముందే తీసి ఉంచుకోండి.

ఎక్కడ అడగాలన్నది వకీలు చూసుకుంటారు గాని, మీకూ తెలిసి ఉండాలి. అప్పీలు కోర్టులోనే కాక, వేలం ఉత్తర్వు ఇచ్చిన కోర్టులోనూ 41వ ఆర్డరు 6వ రూలు కింద అడగవచ్చు. ఆ డిక్రీ మీదే అప్పీలు నడుస్తూ ఉంటే, పూచీ వంటి షరతులపై ఆ కోర్టు అమ్మకాన్ని ఆపవలసిందే. తుది డిక్రీకి ముందు బాకీ ఎంతో తేల్చి గడువిచ్చిన ప్రాథమిక డిక్రీపై అప్పీలు వేయకుండా వదిలేసి ఉంటే, దానిలోని తప్పులను తుది డిక్రీ అప్పీలులో ఎత్తడానికి అదే కోడ్ 97వ సెక్షన్ ఒప్పుకోదు. మీరు వేసిన అప్పీలు దేనిమీదో కాగితాలు తీసి చూడండి. బ్యాంకు దావా వేయకుండా సర్ఫేసీ చట్టం కింద తానే వేసే వేలానికి దారి వేరు, అది డీఆర్‌టీలో (బ్యాంకు బాకీల ట్రిబ్యునల్‌లో) తేలుతుంది.

పై కోర్టు స్టే ఇచ్చిన రోజే వేలం ఉందనుకోండి. ఉత్తర్వు ప్రతి కింది కోర్టుకు చేరేదాకా కూర్చోనక్కరలేదు. స్టే వచ్చిన సంగతి తనకు స్వయంగా తెలుసునని అప్పీలుదారు అఫిడవిట్ ఇస్తే, ప్రతి అందేవరకు కింది కోర్టు దాని ప్రకారం నడుచుకోవాలి. అందుకే ఆ రోజు అప్పీలు వేసిన మీలో ఒకరు పై కోర్టులో స్వయంగా ఉండండి.

ఏదీ కుదరక ఇల్లు పాట అయిపోయినా, కోర్టు ఆ అమ్మకాన్ని ఖాయపరిచేలోగా బాకీ మొత్తమూ, పాడుకున్నవారికి పాట సొమ్ములో 5 శాతమూ కోర్టులో కడితే తాకట్టు విడిపించుకోవచ్చని 34వ ఆర్డరు 5వ రూలు చెబుతోంది. అప్పుడు కావలసింది డిపాజిట్ కాదు, పూర్తి బాకీ. ఎవరి దగ్గర ఎంత దొరుకుతుందో ఈ వారమే అన్నదమ్ములతో కూర్చొని తేల్చుకొని, ఆ లెక్క కాగితం చేతిలో పెట్టుకొని వకీలు దగ్గరకు వెళ్లండి.