ఆషాఢంలో పెట్టుకో, అమ్మాయీ

చి.సౌ. అమ్మాయికి,

ఆశీస్సులు. మీ ఊరి ఉన్నత పాఠశాల ఆడపిల్లల కబడ్డీ జట్టు కోసం నీ శిష్యురాళ్లతో ఒక కూచిపూడి ప్రదర్శన చేయించాలనుకుంటున్నావని చదివి చాలా సంతోషించాను. హాలు ఎవరిని అడగాలి, టిక్కెట్టు ఎంత పెట్టాలి అని అడిగావు. వాటి సంగతి తరువాత చెబుతాను. ముందు గ్రౌండుకు వెళ్లు. ఒక వారం రోజులు సాయంత్రం పూట ఆ పిల్లలు ఆడే చోట కూర్చో. పీఈటీ మాస్టారితో మాట్లాడు, పిల్లలతో ఇంకా ఎక్కువ మాట్లాడు.

మొదటి ఏడాది మేము ఆ పని చేయలేదు. ఎవరినీ అడగకుండా ట్రాక్ సూట్లు కుట్టించి, వీపు మీద మా నృత్య పాఠశాల పేరు వేయించాం. ఆ నెలలోనే జిల్లా పోటీలకు వెళ్లడానికి పిల్లల దగ్గర బస్సు ఛార్జీలు లేకపోతే మాస్టారు తన జేబులోంచి పెట్టుకున్నారు. మాకు తెలిసేసరికి వసూలైన డబ్బంతా బట్టలకే అయిపోయింది. అప్పటినుంచి ఏమి కావాలో రాసి ఇచ్చేది మాస్టారు, జట్టు పిల్లలు. మా పని ఆ జాబితా ప్రకారం కొనడం, అంతే.

జాబితాలో ఏముంటుందో చూస్తే నీకు ఆశ్చర్యం కలుగుతుంది. సాధన అయ్యాక తినడానికి గుడ్డు, అరటిపండు, వేరుశనగ ఉండలు. మోకాళ్లకు, చీలమండలకు పట్టీలు. ప్రయాణ ఖర్చులు. మ్యాట్లు కొనాలని నీకు అనిపిస్తుంది, కానీ తొందరపడకు. ఆడవాళ్ల కబడ్డీ కోర్టు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు ఉంటుంది. అంత మేరకు మ్యాట్లు పరచాలంటే ఒక్క ప్రదర్శన డబ్బు చాలదు, కొన్నాక వానకు తడవకుండా దాచడానికి గది కూడా కావాలి. మట్టి కోర్టులో రాళ్లు ఏరించి, చదును చేయించి, నీళ్లు చల్లించడానికి అయ్యే ఖర్చు తక్కువ. గాయాలు కూడా తగ్గుతాయి.

మాస్టారి జాబితాలో ఉండనివి కొన్ని ఉన్నాయి. ఆ పిల్లలు మాస్టారికి చెప్పుకోలేరు, నీకు చెబుతారు. ఆటకు తగిన లోదుస్తులు, శానిటరీ నాప్కిన్లు, బట్టలు మార్చుకోవడానికి తలుపు ఉన్న ఒక గది. తొమ్మిదో తరగతికి వచ్చాక మంచి ఆటగత్తెలు గ్రౌండుకు రావడం మానేస్తే, ఇంట్లో వద్దన్నారనే అందరూ అనుకుంటారు. మా ఊళ్లో ఇద్దరు పిల్లలు మానేసింది గది లేక. బడి వెనుక ఉన్న పాత స్టోరు గదికి గడియ, అద్దం, బల్బు పెట్టించాం. ఇద్దరూ తిరిగి వచ్చారు. ఇన్నేళ్లలో మేము పెట్టిన ఖర్చుల్లో నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చింది అదే.

ఇక హాలు సంగతి. ఆషాఢంలో పెట్టుకో. పెళ్లిళ్లు ఉండవు కాబట్టి కల్యాణ మండపాలు ఖాళీగా ఉంటాయి, అద్దె బేరమాడవచ్చు. బడులు తెరిచి కొద్ది వారాలే అవుతుంది, కాబట్టి మండల స్థాయి పోటీలు మొదలయ్యేలోగా డబ్బు పిల్లలకు అందుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పెడితే పరీక్షల గొడవ. పైగా ఆ ఏడు ఆట అయిపోయి ఉంటుంది.

మృదంగం వాయించేవారినీ, పాడేవారినీ ఊరికే రమ్మని అడగకు. వాళ్ల బతుకుతెరువు అది. తగ్గించుకుంటామని వాళ్లంతట వాళ్లే అంటే మాత్రం కాదనకు. ఫ్లెక్సీలు, శాలువాలు, జ్ఞాపికలు, ముఖ్య అతిథుల ప్రసంగాలు మానేయి. వాటి డబ్బుతో ఒక నెల గుడ్లు వస్తాయి. ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి ఆడే తరంగం చివర పెట్టు, జనం చివరిదాకా కూర్చుంటారు. వసూలైన సొమ్ము నీ ఖాతాలో వేసుకోకు. ప్రధానోపాధ్యాయులు, ఒక తల్లి, నువ్వు కలిసి సంతకం చేసే ఖాతా తెరవండి. లెక్క మొత్తం బడి నోటీసు బోర్డు మీద పెట్టండి.

జట్టు పిల్లలను వేదిక మీద వరుసగా నిలబెట్టి సాయం అందిస్తున్నట్టు ఫొటోలు తీయించకు. మేము ఒకసారి ఆ తప్పు చేశాం. ఒక పిల్ల కెమెరా వైపు చూడకుండా తల దించుకునే నిలబడింది. ఆ ముఖం ఈనాటికీ నన్ను బాధపెడుతుంది. వాళ్లను ముందు వరుసలో అతిథులుగా కూర్చోబెట్టు.

నీ శిష్యురాళ్ల తల్లిదండ్రుల్లో కొందరు గొణుగుతారు. పిల్లలు గ్రౌండుకు వెళితే ఎండలో నల్లబడతారని, మనకెందుకీ చెడుగుడు అని అంటారు. కోపం తెచ్చుకోకుండా కూర్చోబెట్టి చెప్పు. కూచిపూడి మేళాల్లో తరతరాలు ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టారు. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రిగారు స్త్రీలకు నేర్పడానికి ముందుకు వచ్చారు, వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసులో అకాడమీ స్థాపించి ఎందరో అమ్మాయిలను తీర్చిదిద్దారు. అలాంటి వారి వల్ల నువ్వూ నేనూ గజ్జె కట్టగలిగాం. కబడ్డీ 1990లో ఆసియా క్రీడల్లోకి వచ్చింది, ఆడవాళ్ల కబడ్డీకి మాత్రం 2010 దాకా చోటు దొరకలేదు. ఇరవై ఏళ్లు గడప బయట నిలబడిన వాళ్లు ఎవరో మనకు తెలియదా, అమ్మాయీ? మాచుపల్లి కైఫీయతు, అంటే ఆ ఊరి పాత చరిత్ర రాసి ఉన్న పత్రం, గురించి కూడా చెప్పు. స్థానిక పాలకుడు సమ్మెట గురవరాజు పన్నుల కోసం ఆడవాళ్లను హింసిస్తున్న వైనాన్ని కూచిపూడి భాగవతులు విజయనగర ప్రభువు ఎదుట ఆడి చూపించారని అందులో ఉంది. ఊరి కష్టం మనది కాదని ఆ భాగవతులు అనుకోలేదు.

నీ శిష్యురాళ్లను వారానికి ఒకరోజు గ్రౌండుకు పంపు. మా పిల్లలకు తరంగం చివరి జతులు వచ్చేసరికి ఊపిరి అందేది కాదు. కబడ్డీ పిల్లలతో పరుగెత్తడం మొదలుపెట్టాక ఆ బాధ తగ్గింది. ఒక కూతకు 30 సెకన్లు. అంతసేపూ గుక్క తిప్పుకోకుండా కూత పెడుతూ, పాదం ఎటు వేయాలో, ఎవరిని తాకాలో చూసుకుంటూ వెనక్కి రావాలి. ఆ కూత విన్నప్పుడల్లా నాకు సొల్లుకట్టు, అంటే అడుగుల లయను నోటితో పలికే మాటలు, చెప్పడమే గుర్తుకొస్తుంది. బదులుగా మన పిల్లలు వాళ్లకు మోకాళ్లు పక్కలకు వంచి అరమండిలో నిలబడడం, మడమ నేలకు ఆనించి లేవడం చూపించారు. అంతకు మించి వైద్యం జోలికి వెళ్లకు. బెణికితే డాక్టరు దగ్గరికే తీసుకెళ్లాలి.

ఒక్క ఏడాది పెద్దగా చేసి ఆపేసేదైతే మొదలుపెట్టకు. చిన్నదైనా ప్రతి ఆషాఢంలోనూ చేయి. పిల్లలు ఎదురుచూస్తారు.

మాస్టారి జాబితా చేతికి రాగానే నాకు పంపు. నట్టువాంగం, అంటే తాళం వేస్తూ ఆటను నడిపించడం, నేను చేస్తాను. నాకు పారితోషికం వద్దు, బస్సు ఛార్జీలు కూడా నేనే పెట్టుకుంటాను.

ఆశీస్సులతో,
మీ టీచరుగారు