అరవై దాటాక మళ్లీ రాట్నం

ప్రశ్న: మాది ఖద్దరుకు పేరున్న పొందూరు. చిన్నప్పుడు అమ్మ పక్కన కూర్చుని నూలు వడికేదాన్ని, బొమ్మలు వేసేదాన్ని. తర్వాత టైపిస్టుగా, బీమా ఏజెంటుగా, చివరికి టీచరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు నేత నేర్చుకోవాలని ఉంది, 61 ఏళ్ల చేతులు సహకరిస్తాయా అని టెన్షన్.

జవాబు: తప్పకుండా మొదలుపెట్టండమ్మా, కానీ మగ్గంతో కాదు, రాట్నంతో. కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, ఏకులు (వడకడానికి చుట్టిన దూది చుట్టలు) చేసి, సన్నని నూలు తీయడం చూస్తూ పెరిగిన వేళ్లు మీవి, అంత తేలిగ్గా మర్చిపోవు. మొదట్లో దారం తెగుతూనే ఉంటుంది, తెగనివ్వండి. తర్వాత మగ్గం దగ్గరికి వచ్చాక, నేలలో గుంట తీసి అమర్చే గుంటమగ్గాన్ని కాళ్లతో తొక్కాలి కాబట్టి మోకాళ్ల నొప్పులుంటే రోజుకు అరగంట చాలు. బొమ్మలు మాత్రం ఈ రోజే మొదలుపెట్టండి, గళ్ల కాగితం మీద ఒక్కో గడిని ఒక్కో పోగు అనుకుని అంచు గీసి పెట్టుకుంటే నేసే రోజున అదే ముందు పెట్టుకోవచ్చు.